చలి బూట్లు వేసుకున్నా పాదాలు కొంకర్లు పోతున్నాయా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

మైనస్ 25 డిగ్రీల చలిలో వేళ్లు కొంకర్లు పోగానే ఎవరికైనా ముందు తట్టేది ఇంకా మందమైన బూట్లు కొనాలన్న ఆలోచనే. చాలాసార్లు ఆ డబ్బు వృథా అవుతుంది. బూటు వేడిని పుట్టించదు. రక్తం మోసుకొచ్చిన వేడి బయటికి జారిపోకుండా ఆలస్యం చేయడమే దాని పని. ఆ వేడి అరికాలి గుండా నేలలోకి పోతోందా, తడిసిన సాక్సు గుండా పోతోందా, అసలు రక్తమే వేళ్ల దాకా రావడం లేదా అన్నది తేలకుండా మందం పెంచితే ఒక్కోసారి పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అందుకే కొత్త జత కొనే ముందు పాదం చెబుతున్న లక్షణాన్ని జాగ్రత్తగా గమనించండి.

అన్నిటికంటే ముందు: నొప్పి దానంతటదే ఆగిపోయిందా?

చలికి వేళ్లు సలపడం హెచ్చరిక. వేళ్లు వెచ్చబడకుండానే ఆ సలుపు ఆగిపోతే ఊరట చెందకండి. స్పర్శ పోతోందని దాని అర్థం. వెంటనే గాలి తగలని చోటికి చేరి బూటు విప్పి చూడండి. చర్మం పాలిపోయి లేదా బూడిద రంగుకు తిరిగి, మైనంలా గట్టిగా తగులుతుంటే అది మంచుకాటు. చామనఛాయ, నల్లటి చర్మం మీద రంగు మార్పు అంత స్పష్టంగా కనిపించదు కాబట్టి చేత్తో తాకి గట్టిదనాన్ని పరీక్షించాలి. ఆ భాగాన్ని రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. నిప్పు దగ్గర పెట్టకూడదు, ఎందుకంటే స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. దారిలో మళ్లీ గడ్డకట్టే ప్రమాదం ఉంటే మాత్రం కరిగించకండి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన కణజాలానికి జరిగే నష్టం చాలా ఎక్కువ.

బయటికి వచ్చిన కొద్దిసేపటికే వేలి కొనలు చల్లబడుతున్నాయి

ఇంత త్వరగా చల్లబడితే మొదట అనుమానించాల్సింది బిగుతును. బూటులో వెచ్చదనాన్ని నిలిపేది ఉన్నిలోనూ, ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి గుడ్డైన ఫెల్ట్‌లోనూ చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. పాదం ఒత్తిడికి ఆ పొర నలిగిపోతే గాలికి చోటుండదు. పైగా పాదం పైభాగంలో చర్మానికి దగ్గరగా ఒక ధమని వెళుతుంది. లేసులు దాని మీద గట్టిగా బిగిస్తే వేళ్లకు అందాల్సిన రక్తం తగ్గుతుంది. చలేస్తోందని రెండో జత మందపాటి సాక్సులు తొడిగినవారికి ఇంకా చలివేయడానికి కారణం ఇదే.

పరీక్ష తేలిక. బూటు లోపల పాదం కింద ఉండే పరుపును, అంటే ఇన్సోల్‌ను బయటికి తీసి, బయట వేసుకునే సాక్సులతోనే దాని మీద నిలబడండి. పొడవైన వేలి ముందు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, పక్కలకు పాదం పొంగిపొర్లకూడదు. బూటు తొడిగాక అయిదు వేళ్లనూ స్వేచ్ఛగా ఆడించగలగాలి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత అప్పుడే చూసుకోవడం మంచిది. మామూలు బూట్ల కంటే అర సైజు నుంచి ఒక సైజు పెద్దవి చాలామందికి సరిపోతాయి. మడమ మాత్రం పైకి లేచి జారకూడదు. లేసులు పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర మాత్రమే బిగువుగా కట్టండి.

ఈ సంగతి ధ్రువ యాత్రికులకు బాగా తెలుసు. 1911లో దక్షిణ ధ్రువం చేరిన నార్వే యాత్రికుడు అముండ్సెన్ బృందం దానికి ముందటి చలికాలం విడిదిలో గడుపుతూ తమ స్కీ బూట్లను విప్పదీసి, పాదాలకు చోటు చాలేవరకు మళ్లీ మళ్లీ కుట్టుకుంది.

నడుస్తున్నంతసేపు వెచ్చగా ఉంది, ఆగగానే చల్లబడింది

ఇది చెమట. అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే సమస్య, అన్నిటికంటే తక్కువగా అర్థమయ్యే సమస్య కూడా. శరీరంలో చెమట గ్రంథులు బాగా దట్టంగా ఉండే చోట్లలో అరికాలు ఒకటి. మంచులో కష్టపడి ఎక్కుతున్నప్పుడు పాదం తడుస్తుంది, కానీ శ్రమ పుట్టించే వేడి వల్ల తెలియదు. ఆగగానే ఆ తడి తన పని మొదలుపెడుతుంది. నిశ్చలమైన గాలితో పోలిస్తే నీరు వేడిని దాదాపు 25 రెట్లు ఎక్కువగా మోసుకుపోతుంది. కాబట్టి ఇక్కడ మరింత మందమైన బూటు తెస్తే మరింత చెమట పడుతుంది, ఆగినప్పుడు మరింత చలి వేస్తుంది.

పరిష్కారం నడక మొదలుపెట్టకముందే ఉంది. బయలుదేరేటప్పుడు పాదాలు కాస్త చల్లగానే ఉండాలి. వెచ్చటి గదిలో బూట్లు తొడుక్కుని అరగంట కూర్చుని బయటికి వెళితే అప్పటికే సాక్సు తడిసి ఉంటుంది. నూలు సాక్సులు పూర్తిగా మానేయండి, అవి తడిని పట్టుకుని వదలవు. ఉన్ని అలా కాదు. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా చర్మానికి తడిగా తగలదు, నలిగినా మళ్లీ పొంగుతుంది. లోపల పలుచని సాక్సు, దాని మీద ఒక ఉన్ని సాక్సు చాలు. పొడి జత ఒకటి సంచిలో ఉంచుకుని, నడక ఆపి కూర్చునే ముందే మార్చుకోండి. చలేసిన తరువాత మారిస్తే సగం ప్రయోజనం పోతుంది.

తేమను బయటికి పంపే పలుచని పొర ఉన్న బూట్లు సున్నాకు దగ్గరగా, తడి మంచులో చక్కగా పనిచేస్తాయి. మైనస్ 30 దగ్గర వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. లోపలి నుంచి బయలుదేరిన ఆవిరి బయటిదాకా చేరకముందే బూటు గోడలోనే గడ్డకడుతుంది. అంత చలిలో రోజుల తరబడి తిరిగేవారు దీనికి పూర్తిగా తిరగేసిన ఉపాయం వాడతారు. పలుచని సాక్సు మీద గాలి చొరని పలుచని తొడుగు వేసి, దాని మీద ఉన్ని సాక్సు తొడుగుతారు. పాదం తేమగా ఉంటుంది గాని ఉన్ని, ఫెల్ట్ పొడిగా ఉంటాయి. అమెరికా సైన్యం వాడిన తెల్లటి రబ్బరు బూట్లదీ ఇదే సూత్రం. వాటిలో చలిని ఆపే పొర రెండు రబ్బరు గోడల మధ్య బంధించి ఉంటుంది, చెమట దాన్ని తాకనే తాకదు. మైనస్ 54 డిగ్రీల దాకా పనికొచ్చేలా వాటిని తయారుచేశారు. ఈ పద్ధతి పాటించేవారు రాత్రి పాదాలను తప్పక ఆరబెట్టుకోవాలి. గంటల తరబడి నానిన చర్మం చెడుతుంది.

మొదటి రోజు బాగున్న బూట్లు మూడో రోజుకు చల్లబడ్డాయి

బూటు పాడవలేదు, ఆరలేదు. ఒక రోజు చెమట రాత్రికి పోకపోతే రెండో రోజుది దానికి తోడవుతుంది. పై నుంచి తాకితే పొడిగానే ఉంటుంది, అందుకే చాలామంది మోసపోతారు. లోపల వేళ్ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి.

ఒక్క రోజుకు మించి బయట ఉండేవారికి నా సలహా ఒకటే: లోపలి ఫెల్ట్ తొడుగు విడిగా ఊడివచ్చే బూట్లు కొనండి. ప్రతి రాత్రీ తొడుగునూ ఇన్సోల్‌నూ బయటికి తీసి గాలి ఆడేచోట వేలాడదీయాలి. గుడారంలో పడుకుంటే తొడుగును స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి కాలు దూరదు. రెండో జత తొడుగులు ఉంటే ఇంకా మేలు. పొయ్యికి, హీటరుకు ఆనించి ఆరబెడితే ఫెల్ట్ కుంచించుకుపోతుంది, తోలు పగుళ్లు పడుతుంది, సోల్ జిగురు వదులుతుంది.

పైన వెచ్చగానే ఉంది, అరికాలు మాత్రం చల్లగా ఉంది

వేడి నేలలోకి పోతోంది. పాదం పక్కలా పైనా ఎంత మందపు పొర ఉన్నా, అడుగున అది శరీర బరువుకు నలిగి పలుచబడుతుంది. గడ్డకట్టిన చెరువు మీద గాలం వేసేవారు, కదలకుండా కాపలా కాసేవారు, ఫొటోల కోసం గంటలు నిలబడేవారు ముందుగా దీని బారినే పడతారు.

మందమైన సోల్, దాని మీద దాదాపు సెంటీమీటరు మందం గల ఫెల్ట్ ఇన్సోల్ మంచి మార్పు తెస్తాయి. కానీ ఇన్సోల్ చేర్చాక బూటు బిగుతైతే మొదటి సమస్యకే తిరిగి వచ్చినట్టు, కాబట్టి కొనేటప్పుడే దానికి చోటు చూసుకోవాలి. నిలబడే చోట ఒక ఫోమ్ చాప ముక్కో చెక్కపలకో వేసుకుంటే అది చాలా ఖరీదైన బూటు కంటే ఎక్కువ పని చేస్తుంది. మెరిసే రేకు అంటించిన పలుచని ఇన్సోల్స్ మీద నాకు నమ్మకం లేదు. వేడిని తిప్పికొట్టాలంటే రేకు ముందు గాలి ఖాళీ ఉండాలి, పాదం కింద అది ఉండదు. పని బూట్లలో వేళ్ల రక్షణకు ఉక్కు తొడుగు ఉంటే అది కూడా వేడిని లాగేస్తుంది. గట్టి ప్లాస్టిక్ మిశ్రమంతో చేసిన తొడుగులు దొరుకుతాయి, చలిలో పనికి అవే మేలు.

పెట్టె మీద మైనస్ 40 అని ఉంది, మైనస్ 15కే చలేస్తోంది

ఆ అంకెను తయారీదారులందరూ ఒకే కొలమానంతో లెక్కించరు. నడుస్తూ ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఒకరు వేస్తారు, ప్రయోగశాల కొలతను బట్టి మరొకరు వేస్తారు. కూర్చున్న మనిషికి అది వర్తించదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345 కింద వచ్చే పని బూట్లకు చలి పరీక్ష ఒకటుంది, నెగ్గిన వాటి మీద సీఐ అనే గుర్తు ఉంటుంది. మైనస్ 17 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే లోపలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పడిపోకూడదన్నదే ఆ పరీక్ష. అంతకు మించిన చలికి ఆ గుర్తు హామీ ఇవ్వదు.

200, 400, 800 అని రాసి ఉండే గ్రాములు బూటు బరువును చెప్పవు. లోపల పరచిన చలి నిరోధక పొర చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతాయి. చురుకైన నడకకు, మంచులో కూరుకుపోకుండా బూట్లకు తగిలించుకునే వెడల్పాటి స్నోషూలతో తిరగడానికి 200 నుంచి 400 గ్రాములు సరిపోతాయి. కాసేపు నడిచి కాసేపు నిలబడే పనికి 600 నుంచి 800 చూడండి. గంటల తరబడి కదలకుండా ఉండాలంటే 1000కి పైన, లేదా మందమైన ఫెల్ట్ తొడుగు ఉన్నవి కావాలి. ఎక్కువ గ్రాములున్నవే ఎప్పుడూ మంచివని అనుకోవద్దు. కొండ ఎక్కేవారికి 1000 గ్రాముల బూటు చెమట గుంట అవుతుంది.

బూటులో ఏ లోపమూ లేదు, అయినా పాదాలు చల్లగానే ఉన్నాయి

బూటును వదిలి ఒంటిని చూడండి. ఛాతీ, పొట్ట చల్లబడితే శరీరం ముందు వాటిని కాపాడుకుంటుంది, చేతులకూ పాదాలకూ రక్తం తగ్గిస్తుంది. పలుచని ప్యాంటు, మంచి బూట్లు వేసుకున్నవారికి పాదాలు చల్లబడేది ఇందుకే. తొడలకు, పిక్కలకు లోపలి ఉన్ని తొడుగు, తలకు టోపీ పెట్టండి. ఆకలితో బయలుదేరకండి, నీళ్లు తాగండి. పొగతాగితే రక్తనాళాలు సన్నబడతాయి. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు, చలికి వేళ్లు తెల్లబడి నీలిరంగుకు తిరిగేవారు చలి ప్రాంతాలకు వెళ్లేముందు వైద్యుణ్ని అడగడం అవసరం. పిల్లలు చలేస్తోందని సమయానికి చెప్పరు. వారి సాక్సులోకి చెయ్యి పెట్టి మీరే చూడాలి.

వేడి పొట్లాలు పెట్టినా వేడెక్కడం లేదు

వాటిలోని ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తేనే వేడి పుడుతుంది. బిగుతు బూటులో గాలి అందదు. చేతుల కోసం చేసినవి బూటులో సరిగ్గా పనిచేయవు, వేళ్ల కోసం చేసినవే కొనండి. సాక్సు మీద అంటించాలి, చర్మం మీద కాదు.

మంచు మీద జారుతున్నాయి

లోతైన గాడులున్న సోల్ మెత్తటి మంచులో పట్టు ఇస్తుంది. నున్నటి మంచుగడ్డ మీద పట్టు ఇచ్చేది మెత్తటి రబ్బరు. చలికి బిరుసెక్కే సోల్ రెండు చోట్లా జారుతుంది. కొనే ముందు వంచి చూడండి, వీలైతే చలిలో ఉంచాక వంచి చూడండి. సున్నాకు దగ్గరలో, మంచు పైన నీటి పొర ఉన్నప్పుడు జారుడు అన్నిటికంటే ఎక్కువ. టొరంటోలోని కైట్ పరిశోధన సంస్థ మనుషులను వాలు మంచు మీద నడిపించి బూట్ల పట్టును పరీక్షిస్తుంది. అలాంటి ఫలితాలు ప్రకటనల కంటే నమ్మదగినవి. గట్టి మంచుగడ్డ మీద ఎక్కువదూరం నడవాలంటే మాత్రం ఏ సోలూ చాలదు, పైన తగిలించుకునే ఇనుప ముళ్లు వాడాలి. రాతి గచ్చు మీదికి రాగానే వాటిని తీసేయండి, అక్కడ అవే పడేస్తాయి.

పై నుంచి మంచు లోపలికి పడుతోంది

పిక్క సగం దాకా వచ్చే బూటు, పైన బిగించే తాడు ఉండాలి. లేదంటే బూటు పైభాగాన్నీ పిక్కనూ కప్పే గెయిటర్లు తొడగాలి. ప్యాంటును బూటులోకి దోపకుండా పైకి వదలండి.

మరుసటి ఏడు బయటికి తీస్తే సోల్ పొడిపొడిగా రాలిపోతోంది

పాలియురేతేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోల్స్ గాలిలోని తేమకు వాడకపోయినా క్షీణిస్తాయి. అతికించడం వల్ల లాభం లేదు. కుట్టిన బూటైతే కొత్త సోల్ వేయించవచ్చు, లేకపోతే మార్చేయాలి. చలికాలం అయిపోగానే పూర్తిగా ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకుండా, గాలి ఆడే పొడి చోట ఉంచండి. తరువాతి యాత్రకు కనీసం రెండు వారాల ముందే తీసి ఒక రోజు వేసుకుని నడవండి. లోపం ఏదైనా ఉంటే ఇంటి దగ్గరే బయటపడుతుంది.