ఒక్క ఫోనుతో పిల్లల చదువును గాడిన పెట్టడం ఎలా

ఆన్‌లైన్ పాఠాలతో పిల్లల చదువు మెరుగుపడాలని కోరుకునే తల్లిదండ్రులు సాధారణంగా మొదట అడిగేది ఏ యాప్ మంచిదని. ఆ ప్రశ్నను ఒక వారం పక్కన పెట్టి, బిడ్డ ఏ తరగతి పాఠం దగ్గర ఆగిపోయిందో ముందుగా తేల్చుకోవాలని లెక్కల ఉపాధ్యాయుడిగా నేను గట్టిగా చెబుతాను. ఎనిమిదో తరగతి సమీకరణాలు రావడం లేదని ఒక తల్లి తన కూతురిని నా దగ్గరకు తీసుకువచ్చారు. 1/2కు 1/3 కలపమంటే ఆ అమ్మాయి లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కూడి 2/5 అని రాసింది. "సగం జొన్నరొట్టెకు ఇంకో ముక్క కలిపితే సగం కంటే తగ్గిపోతుందా అమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు ఆ అంకెల వైపే చూసి, ఏమీ మాట్లాడకుండా రబ్బరు అందుకుంది. ఆ అమ్మాయికి కావలసింది సమీకరణాల వీడియో కాదు, భిన్నాల కూడిక.

అందుచేత మీ బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉంటే 5, 6, 7 తరగతుల పుస్తకాల అభ్యాసాల నుంచి పది లెక్కలు ఏరి, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. సాయం చేయవద్దు, తొందర పెట్టవద్దు, మార్కులు వేయవద్దు. మొదటి తప్పు ఏ తరగతి లెక్కలో వచ్చిందో, ఆన్‌లైన్ చదువు అక్కడి నుంచే మొదలు కావాలి. కింది తరగతి పాఠం అంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు కాబట్టి ఈ సంగతి ఇంట్లో నలుగురి ముందు మాట్లాడకపోవడం మంచిది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఢిల్లీలో మాధ్యమిక తరగతుల పిల్లలపై జరిపి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నట్లు తేలింది. ఏ పిల్లవాడికి ఆ పిల్లవాడి స్థాయిలో పాఠం చెప్పే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలల్లోనే లెక్కలు, హిందీ రెండింటిలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అయితే అక్కడి కేంద్రాలలో రోజుకు 90 నిమిషాలు గడిపితే, అందులో సగం సమయమే కంప్యూటరు ముందు. మిగిలిన సగం ఒక మనిషి చిన్న బృందానికి దగ్గరుండి చెప్పినది. దీనికి భిన్నంగా, పెరూ దేశపు పల్లె బడుల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచిన పథకాన్ని పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనంలో లెక్కల్లోనూ భాషలోనూ మెరుగుదల కనబడలేదు. పరికరం చేతికి రావడం ఒకటి, చదువు రావడం వేరొకటి.

పాఠాల కోసం దూరం వెళ్లనక్కర లేదు. మన రాష్ట్రాల పాఠ్యపుస్తకాలలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన సామగ్రి ఉచితంగా తెరుచుకుంటుంది. తెలుగులో వినాలనుకుంటే తెలంగాణ ప్రభుత్వపు చదువుల ఛానెల్ టీ-శాట్ విద్య పాఠాలున్నాయి. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ఎన్‌సీఈఆర్‌టీ, ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) కోర్సులు దొరుకుతాయి. అవి ఎక్కువగా ఇంగ్లిషులో ఉంటాయి కనుక, రెండు భాషలూ ఎదురెదురు పేజీల్లో అచ్చయిన పాఠ్యపుస్తకం ఉంటే దాన్ని పక్కన తెరిచి పెట్టుకుని, వీడియోలో వినిపించిన ప్రతి కొత్త మాటకూ తెలుగు పేజీలోని మాటను వెతికి, రెండింటినీ నోటుబుక్కులో పక్కపక్కన రాయించాలి. క.సా.గు. అని బడిలో నేర్చుకున్నదే ఎల్‌సీఎం అని తెలియక తడబడే పిల్లలు ఎందరో ఉన్నారు.

చాలా ఇళ్లలో నాన్న పని నుంచి వచ్చిన తరువాతే ఫోను పిల్లల చేతికి వస్తుంది. కాబట్టి ఆ రోజు చూడవలసిన ఒక్క పాఠాన్ని ముందే డౌన్‌లోడు చేసి ఉంచి, చూసేటప్పుడు నెట్ ఆపేయండి. ఫోనును చేతిలో పట్టుకోనివ్వకుండా చెంబుకో డబ్బాకో ఆనించి నిలబెట్టి, ముందు నోటుబుక్కు, పెన్సిలు పెట్టించండి. చేతిలో పెన్సిలు ఉన్నప్పుడు వీడియోను ఆపాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది. టీచరు లెక్కను బోర్డు మీద రాయడం పూర్తి కాగానే వీడియో ఆపించి, జవాబు చూడకముందే బిడ్డ సొంతంగా ప్రయత్నించేలా చేయడం ఈ పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన పని. తప్పు వచ్చినా ఫరవాలేదు. తన తప్పు ఎదురుగా ఉన్నప్పుడు విన్న వివరణే బుర్రకెక్కుతుంది. పది నిమిషాల వీడియోకు ఈ విధంగా అరగంట పడుతుంది, పట్టాలి కూడా. పూర్తయ్యాక ఫోను తీసేసి, "ఇప్పుడు నాకు చెప్పు" అని అడగండి. ఆ పాఠం మీకు తెలియకపోయినా నష్టం లేదు, చెప్పేటప్పుడు ఎక్కడ ఆగిందో గమనిస్తే చాలు.

సామాన్య శాస్త్రానికి వీడియో కంటే చేసి చూసే పాఠాలు మేలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లలో, అంటే తెర మీద చేసి చూసే నమూనా ప్రయోగాల్లో, విద్యుత్ వలయాన్ని తెర మీదే కట్టవచ్చు. రెండు బల్బులను శ్రేణిలో కలిపి, ఒకదాన్ని తీసేస్తే రెండోది ఏమవుతుందో ముందు కాగితం మీద రాయించి, తరువాతే తీయించండి. సమాంతరంగా కలిపి మళ్లీ అదే చేయించండి. మరునాడు టార్చిలైటు సెల్లు, చిన్న బల్బులు, కొన్ని వైరు ముక్కలతో నిజంగా కట్టించండి. వైరు చివర తొడుగు సరిగా ఒలవకపోతే బల్బు వెలగదన్న సంగతి ఏ తెరా నేర్పదు.

డబ్బు కట్టే కోర్సుల విషయంలో ఒక్క మాట. ఇంటికి వచ్చిన ప్రతినిధి మాటలు విని రెండేళ్ల రుసుమును వాయిదాల అప్పుగా మార్చుకుని, బిడ్డ రెండు నెలలకే చూడడం మానేసినా అప్పు కడుతూనే ఉన్న కుటుంబం బాధను నేను దగ్గరగా చూశాను. ఉచిత పాఠాలతో నెల రోజులు క్రమం తప్పకుండా చదివిన తరువాత కూడా అవసరమనిపిస్తేనే ఆలోచించండి, అదీ నెలనెలా కట్టి ఎప్పుడైనా మానుకోగలిగినదైతేనే.

నేర్చుకున్నది నిలవాలంటే మళ్లీ మళ్లీ గుర్తు చేసుకోవాలి. కాలం గడిచేకొద్దీ ఎలా మరిచిపోతామో జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించారు. వీడియోను రెండోసారి చూడడం ఇందుకు సరిపోదు. తెలిసినట్టే అనిపిస్తుంది తప్ప చేతికి రాదు. పుస్తకం మూసి మరునాడు రెండు లెక్కలు, మూడు రోజులకు రెండు, వారానికి రెండు చేయించండి. ఈ తేదీలను గోడ క్యాలెండరు మీద బిడ్డ చేతనే రాయించండి. నెల చివర మొదటి రోజు ఇచ్చిన పది లెక్కలనే అంకెలు మార్చి మళ్లీ ఇచ్చి, ఆనాటి కాగితాన్ని పక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూడండి. ఎనిమిది సరిగా వస్తే పై తరగతి పాఠానికి వెళ్లవచ్చు. రాకపోతే అదే పాఠాన్ని వేరే టీచరు చెప్పిన వీడియోలో వెతికి, మరో నెల అక్కడే ఉండండి.