శాన్‌ఫ్రాన్సిస్కో టికెట్ కొనే ముందు

హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి తిన్నగా కొలిస్తే సుమారు 13,500 కిలోమీటర్లు. దోహా మీదుగా వెళ్తే దాదాపు 15,900. గంటకు 900 కిలోమీటర్ల లెక్కన గాల్లోనే పదిహేడు, పద్దెనిమిది గంటలు. అమ్మానాన్నలను ఒంటరిగా పంపేవాళ్లు ముఖ్యంగా ఇవి చూడండి.

• టికెట్ మీద ఉండేవి ఆయా ఊళ్ల టైములు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. దిగే టైములోంచి ఎక్కే టైము తీసేస్తే ప్రయాణ సమయం రాదు.

• ఫ్లైట్ 12వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకైతే 11వ తేదీ రాత్రే శంషాబాద్ చేరాలి. చాలామంది తడబడేది ఇక్కడే. తేదీతో పాటు వారం కూడా కాగితం మీద రాసి పెట్టండి.

• మధ్యలో ఫ్లైట్ మారడానికి గంటంపావు వ్యవధి అంటే పెద్దవాళ్లకు టెన్షనే. కాస్త ఖరీదైనా మూడు గంటలున్నది తీసుకోండి. వీల్‌చెయిర్ కావాలని టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి.

• రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్‌లో (బుకింగ్ నంబరులో) ఉండాలి.

• మందులు, డాక్టర్ చీటీ చేతిసంచీలోనే.