సంక్రాంతికి వాళ్లు ఊరికి, నేను వాళ్ల కుక్క దగ్గరికి

మాది సైనిక్‌పురి. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది కదా, నాకు చేతినిండా పని అప్పుడే. ఊరెళ్లేవాళ్లు తాళాలిస్తే వాళ్లింట్లోనే పడుకుని కుక్కనీ, ఇంటినీ చూసుకుంటాను. మధ్యలో యాప్ లేదు, ఏజెన్సీ లేదు. కాబట్టి అడగాల్సినవన్నీ నేనే అడగాలి.

ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు చెప్పేది ఒకటే: ఇంటివాళ్లు ఉండగానే ఒకసారి వెళ్లి రండి. ఫోన్‌లో ప్రతి కుక్కా ‘చాలా ఫ్రెండ్లీ ఆంటీ’యే! వెళ్లాక ఊరికే కూర్చోండి. చెయ్యి చాపొద్దు, కళ్లలోకి చూడొద్దు. అదే వచ్చి వాసన చూసుకుంటుంది. గిన్నె దగ్గరికి, దాని బొమ్మల దగ్గరికి ఎవరైనా వెళితే ఏం చేస్తుందో అడగండి. నేను ఒక బీగిల్ విషయంలో అడగలేదు. సోఫా కింద దాచుకున్న సాక్సు లాగబోతే కరిచింది. సబ్బు రాసి, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాను. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కేసి 3, 7, 14, 28వ రోజుల్లో మళ్లీ సూదులు. కుక్కకు రేబిస్ టీకా ఎప్పుడు వేయించారో ఆ ఇంటివాళ్లకే గుర్తులేదు. ఇప్పుడు టీకాల పుస్తకం ఫోటో పంపితేనే తాళం తీసుకుంటాను.

తిండి సంగతి ఇంట్లో అందరినీ అడగాలి. ఒకింట్లో కాగితం మీద డ్రై ఫుడ్ అని రాసిచ్చారు. కుక్కేమో గిన్నె ముందు కూర్చుని నన్నే చూస్తోంది. రెండో రోజు ఫోన్ చేస్తే నాయనమ్మ గారు గొంతు తగ్గించి, ‘‘కాస్త పెరుగన్నం కలుపమ్మా, మావాడికి చెప్పకు’’ అన్నారు. గిన్నె ఖాళీ! అయితే పండగరోజు పక్కింటివాళ్లు ప్రేమగా పంపే పరమాన్నం మాత్రం మీరే తినేయండి, అందులో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ కుక్కలకు విషం.

మొదటి రాత్రి తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ఇంటావిడ వేసుకుని విడిచిన టీషర్ట్ ఒకటి ఉతక్కుండా ఉంచమనండి. అది దాని పక్కమీద వేసి, నేను హాల్లోనే చాప పరుచుకుంటాను.

ఆ వారం వాకింగ్‌లో మీ చూపు నేలమీదే ఉండాలి. తెగిన మాంజా కాళ్లకు చుట్టుకుంటే కోసేస్తుంది. సాయంత్రం చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో వెతకండి. తిండి మానేసి నీరసంగా పడుకుంటే రేపటిదాకా ఆగొద్దు. ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, అడక్కుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అన్నది ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇంటి విషయానికొస్తే, మోటర్ స్విచ్, గ్యాస్ వాల్వ్, పనమ్మాయి వచ్చే వేళ, కెమెరాలెక్కడున్నాయి అన్నవి అడిగి తెలుసుకోండి. బీరువా గదికి వాళ్లనే తాళం వేసుకోమనండి. రోజూ దీపం పెట్టమంటే పెడతాను, కానీ అది కొండెక్కేదాకా అక్కడే కూర్చుంటాను. ఒక ల్యాబ్రడార్ ఇంట్లో పూజ గూడు సరిగ్గా దాని తోకకు అందేంత ఎత్తులో ఉంది మరి!

నేను రోజుకి 1,200 తీసుకుంటాను, పండక్కి 1,500. సగం ముందే. ఇది అడగడానికి మొదట్లో మొహమాటపడి చాలా పోగొట్టుకున్నాను.

వాళ్లు తిరిగొచ్చే మర్నాటికి ఇంకో ఇల్లు ఒప్పుకోకండి. రాత్రి తొమ్మిదికల్లా వచ్చేస్తాం అన్నవాళ్లు పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుని తెల్లవారుజామున మూడింటికి దిగుతారు. అప్పటిదాకా కుక్కను వదిలి కదలకూడదు.