ఛైర్మన్ మాటను తూకం వేయడం ఎలా: ఫుట్‌బాల్ అభిమానికి ఒక పద్ధతి

ఇంగ్లండులో మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. విజయనగరంలో భోజనం ముగించుకుని టీవీ ముందు కూర్చునే మాబోటి వాళ్లకు అది అనువైన వేళే. చిక్కు మ్యాచ్ ముగిశాక మొదలవుతుంది. ఓడిన జట్టు ఛైర్మన్ మైకు ముందుకు వచ్చి, ఫలానా ఆటగాడికి క్లబ్బు మీద విశ్వాసం లేదనో, జట్టును తీర్చిదిద్దే మేనేజర్ తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడనో అంటాడు. తెల్లవారేసరికి ఆ మాట ఇక్కడి కుర్రాళ్ల ఫోన్లలోకి చేరి, మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ తాగేవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయి ఉంటారు. అలాంటి మాట చెవిన పడగానే ఏ పక్షంలోనూ చేరిపోకుండా, దాన్ని కాసేపు త్రాసులో పెట్టి చూడడానికి నేను కొన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. దీనికి కావలసిన సరంజామా ఒక పొడవాటి ఖాతా పుస్తకం, ఒక పెన్ను, రెండేళ్లు ఆగగలిగే ఓపిక.

మొదట ఛైర్మన్ అన్న మాటను తేదీతో సహా ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ఆ తర్వాత ఆయన అడుగుతున్నది ఏమిటో తెలుగులో తేల్చుకోవాలి. ఇంగ్లీషువాళ్లు లాయల్టీ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు కనీసం మూడు మాటలున్నాయి, ఆ మూడింటి అర్థమూ ఒకటి కాదు. అర్జీ చివర ‘తమ విధేయుడు’ అని రాసేటప్పుడు ఉండేది విధేయత; కుర్చీలో మనిషి మారితే అదీ కొత్త మనిషి వైపు తిరుగుతుంది. ఉప్పు తిన్నందుకు ఉండేది విశ్వాసం. ఎవరు ఉప్పు పెట్టినా పెట్టకపోయినా ఒక రంగును, ఒక పేరును, ఒక మైదానాన్ని పట్టుకుని వేలాడేది నిబద్ధత, దాన్ని మొండితనమన్నా నాకు అభ్యంతరం లేదు. ఛైర్మన్లు సాధారణంగా ఆటగాడి నుంచి మొదటిదాన్ని కోరుతూ, రెండోదాని పేరు చెప్పి, మూడోది ఉన్న అభిమానుల చేత చప్పట్లు కొట్టించుకుంటారు. రాసుకున్న మాట పక్కన ఈ మూడింటిలో ఏదన్నది గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

తరువాతి గడిలో ఒప్పందం సంగతి రాయాలి. చాలామంది దీన్ని దాటేస్తారు గాని, నా లెక్కలో అసలు గడి ఇదే. వెనకటి ఆటగాళ్లు ఒకే క్లబ్బును అంటిపెట్టుకుని ఉండేవారని ఏ ఛైర్మనైనా వాపోతే, వెనకటి ఆటగాడికి బయటికి పోయే దారి ఉండేదా అని చూడాలి. ఇంగ్లండులో 1961 జనవరి వరకు ఆటగాడి జీతం వారానికి 20 పౌండ్లు మించకూడదన్న నిబంధన ఉండేది. ఒప్పందం గడువు తీరినా అతని రిజిస్ట్రేషన్, అంటే ఏ జట్టుకు ఆడాలన్న నమోదు, క్లబ్బు గుప్పిట్లోనే ఉండేది. న్యూకాసిల్ నుంచి అర్సెనల్‌కు పోవడానికి నానా తిప్పలూ పడిన జార్జ్ ఈస్ట్‌హామ్ వేసిన దావాలో, ఆ కట్టడి అన్యాయమని 1963లో తీర్పు వచ్చింది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల, గడువు తీరిన ఆటగాడు ఐరోపా సమాఖ్య దేశాల్లో బదిలీ సొమ్ముతో పని లేకుండా తనకు నచ్చిన క్లబ్బుకు వెళ్లే వీలు కలిగింది. కాబట్టి పాతకాలపు విశ్వాసంలో కొంత భాగం బయట గొళ్లెం పెట్టిన తలుపు. అందరి విషయంలోనూ ఈ మాట చెల్లదు. 1993లో ఇటలీ క్లబ్బు రోమా తరఫున తొలి మ్యాచ్ ఆడి 2017 వరకు అక్కడే ఉండిపోయిన ఫ్రాంచెస్కో టొట్టికి తలుపు బార్లా తెరిచే ఉంది.

ఒప్పందంలో ఇంత సొమ్ము కడితే ఆటగాణ్ణి వదిలేయాలన్న షరతు ఉందేమో కూడా చూసుకోవాలి. 2016లో గొంజాలో హిగ్వైన్ నాపోలీని వదిలి, అక్కడివారికి కంట్లో నలుసైన యువెంటస్‌కు వెళ్లినప్పుడు, నాపోలీ అధ్యక్షుడు అవురేలియో డి లారెంటిస్ అతణ్ణి ద్రోహి అన్నంత పని చేశారు. సినిమా నిర్మాతగా ఆయన నోటికి పదును ఎక్కువే, కాదనను. అయితే యువెంటస్ కట్టిన దాదాపు 9 కోట్ల యూరోలు నాపోలీ తన ఒప్పందంలో తానే రాసుకున్న ధర. దుకాణంలో ధర చీటీ అంటించినవాడు, ఆ ధర ఇచ్చి సరుకు పట్టుకుపోయినవాణ్ణి దొంగ అనడం ఎలాంటిదో ఆ మాట అలాంటిది. టోటెన్‌హామ్‌లో ఇంకా పాత ముచ్చట ఒకటుంది. 1994లో వచ్చి, ఒక్క సీజన్ అద్భుతంగా ఆడి, ఒప్పందంలోని వెసులుబాటును వాడుకుని బయర్న్ మ్యూనిక్‌కు వెళ్లిపోయిన యూర్గెన్ క్లిన్స్‌మన్ మీద ఛైర్మన్ ఆలన్ షుగర్ మండిపడి, అతని జెర్సీని టీవీ కెమెరాల ముందు చూపించి, దాంతో తన కారు కూడా తుడవనన్నారు. ఓపిక కావాలన్నది ఇందుకే: 1997 డిసెంబరులో జట్టు కింది డివిజన్‌కు జారిపోయే ప్రమాదంలో పడితే, అదే షుగర్ అదే క్లిన్స్‌మన్‌ను మళ్లీ పిలిపించుకున్నారు, అతడూ వచ్చి గట్టెక్కించాడు. జెర్సీ మాట నా పుస్తకంలో ఒక వరుసలో ఉంటే, దాని కిందనే ఈ పునరాగమనం ఉంది. ఏ ఎండకా గొడుగు అన్న సామెతను ఆ రెండు వరుసల మధ్య పెన్సిలుతో రాసుకున్నాను.

ఛైర్మన్ చెప్పేదంతా బుకాయింపేనని ముందే తీర్మానించుకున్నవారికి ఈ పుస్తకం అక్కరకు రాదు, ఎందుకంటే అప్పుడప్పుడు ఆయనే నెగ్గుతాడు. క్రిస్టల్ ప్యాలెస్ ఛైర్మన్ సైమన్ జోర్డన్ నోరు విప్పితే నిప్పులు కురిసేవి. 2006 మేలో ఆయన మేనేజర్ ఇయన్ డౌవీ, కుటుంబం ఉన్న ఉత్తరాదికి దగ్గరగా ఉండాలని చెప్పి సెలవు కోరాడు. వేరే క్లబ్బుకు పోతే ప్యాలెస్‌కు రావలసిన పది లక్షల పౌండ్ల పరిహారాన్ని జోర్డన్ ఆ మాట మీద వదులుకున్నారు. కొద్ది రోజులకే డౌవీ చార్ల్‌టన్ మేనేజర్‌గా తేలాడు. చార్ల్‌టన్ ప్యాలెస్ లాగే దక్షిణ లండన్ క్లబ్బు, ఉత్తరాదితో దానికి ఏ చుట్టరికమూ లేదు. కొత్త మేనేజర్‌ను పరిచయం చేసే విలేకరుల సమావేశంలోనే అతని చేతికి జోర్డన్ దావా కాగితాలు అందాయి. అందరూ ఛైర్మన్ అహంకారమని నవ్వుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. 2007లో న్యాయస్థానం జోర్డన్ పక్షాన తీర్పు చెప్పింది. ఆ పేజీలో మొదట రాసిన మాటను కొట్టేసి సరిదిద్దుకోవలసి వచ్చింది, ఆ కొట్టివేత ఇప్పటికీ కనిపిస్తుంది.

నోటి దురుసును, చేతల తీరును వేర్వేరు గళ్లలో రాయమని చెప్పడానికి కెన్ బేట్స్ కంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. 1982లో ఆయన చెల్సీ క్లబ్బును ఒక్క పౌండుకు కొన్నారు, అప్పులు అదనం. 1985లో, తన పాడి పశువుల చుట్టూ ఉన్న కంచెను చూసి కాబోలు, స్టాంఫర్డ్ బ్రిడ్జిలో ప్రేక్షకులకూ మైదానానికీ మధ్య కరెంటు కంచె కట్టించారు. మన ఏజెన్సీ అంచు ఊళ్లలో అడవిపందుల కోసం పెట్టే తీగలను తలచుకుంటే, అభిమానుల గురించి ఆయన అభిప్రాయం ఏమిటో అర్థమవుతుంది. లండన్ నగర పాలక మండలి ఒప్పుకోకపోవడంతో ఆ తీగల్లో కరెంటు ఒక్క రోజూ పారలేదు. అదే బేట్స్ హయాంలో, స్టాంఫర్డ్ బ్రిడ్జి స్థలాన్ని బిల్డర్ల పాలు కాకుండా కాపాడడానికి 1993లో చెల్సీ పిచ్ ఓనర్స్ అన్న సంస్థ పుట్టింది. మామూలు అభిమానులు వాటాలు కొన్నారు. మైదానం హక్కులూ, చెల్సీ అన్న పేరును వాడుకునే హక్కూ ఆ సంస్థకు దక్కాయి. 2003లో బేట్స్ క్లబ్బును రోమన్ అబ్రమోవిచ్‌కు అమ్మి వెళ్లిపోయారు. 2011లో అబ్రమోవిచ్ ఆ హక్కులను వెనక్కి కొనబోతే, నూటికి 75 ఓట్లు కావలసిన చోట 61 పైచిలుకు మాత్రమే వచ్చి ప్రయత్నం వీగిపోయింది. కోట్లున్న యజమానికి అడ్డుపడిన ఆ వాటా పత్రాలు అభిమానుల ఇళ్లలో ఉన్నాయి. అందుకని, మీరు అభిమానించే ఏ క్లబ్బు విషయంలోనైనా మైదానం దస్తావేజులు ఎవరి పేరిట ఉన్నాయో తప్పనిసరిగా కనుక్కోండి. మైకులో వినపడే మాటల కంటే నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక ఛైర్మన్ స్వయంగా దేనికి కట్టుబడి ఉన్నాడో రాసే గడి. కార్డిఫ్ సిటీ యజమాని విన్సెంట్ టాన్ 2012లో తరాల నాటి నీలి జెర్సీని ఎర్రగా మార్చి, 2015లో మళ్లీ నీలానికి దిగివచ్చారు. హల్ సిటీని అప్పుల నుంచి ఆదుకున్న అస్సెమ్ అల్లామ్ దాని పేరును హల్ టైగర్స్‌గా మార్చబోతే, చచ్చేదాకా మేము సిటీయే అన్న అభిమానులను, వారికి ఎప్పుడు ఇష్టమైతే అప్పుడు చావవచ్చని అన్నారు. పేరు మార్పును 2014లో ఫుట్‌బాల్ అసోసియేషన్ తిరస్కరించింది. మన దేశంలో 1889లో పుట్టిన మోహన్ బగాన్ పేరుకు 2020లో ముందు, దానితో కలిపేసిన మరో కోల్‌కతా జట్టు పేరైన ఏటీకే అన్న అక్షరాలు తగిలించారు. కోల్‌కతా అభిమానులు మూడేళ్లు వాటిని తీసేయమని పోరాడగా, 2023 మార్చిలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా ఆ అక్షరాలు పోతాయని ప్రకటించారు.

తెలుగువాళ్లకు ఈ గడి కాస్త నొప్పిగానే ఉంటుంది. పుణె జట్టు మూతబడిన చోట 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ మొదలైంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ విజేత అయింది. మా ఊరి నుంచి రాత్రి బండెక్కి గచ్చిబౌలికి వెళ్లి ఆ పసుపు జెర్సీల మధ్య కూర్చున్న కుర్రాళ్లు నాకు తెలుసు. తరువాతి కాలంలో జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధాలు, ఒక్కొక్కరుగా వెళ్లిపోయిన ఆటగాళ్లు, చివరికి 2025లో జట్టే ఢిల్లీకి తరలి వేరే పేరు పెట్టుకోవడం. జీతం రాక వెళ్లిపోయిన ఆటగాణ్ణి విశ్వాసం లేనివాడన్నవారు అప్పుడూ ఉన్నారు. నేను ఆ పేజీలో విశ్వాసం అన్న గడిని ఖాళీగా వదిలి, బకాయి అన్న మాట రాశాను. ఇల్లే లేచిపోయాక వాసాలు ఎవరు లెక్కపెట్టినట్టు?

చివరగా, ఈ పద్ధతిని దూరపు క్లబ్బుల మీద సాధన చేశాక, చేతనైతే మీ ఊరి జట్టు మీద ప్రయోగించాలి. ఇది కష్టమైన భాగం, ఎందుకంటే ఇక్కడి అధ్యక్షుడు మనకు ఎదురుపడి నమస్కారం పెట్టించుకునే మనిషి. సొంత ఖర్చుతో ఆటను పోషించినవాడు ఎదురు చెప్పినవాణ్ణి సహించకపోవడం మా నేలకు కొత్తేమీ కాదు: విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ 1936లో భారత క్రికెట్ జట్టు కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లినప్పుడు, అమర్యాదగా ప్రవర్తించాడన్న ఆరోపణతో లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించివేశారు.

మా చిన్న జట్టుకు జమాఖర్చులు రాసే పని నాది. ఒక ఏడు పైడితల్లి సిరిమానోత్సవానికి వారం ముందు జరిగిన సభలో మా అధ్యక్షుడిగారు, విశాఖపట్నం జట్టులో చేరిపోయిన మా గోల్‌కీపర్‌ను తలచుకుని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు మనకు అక్కరలేదన్నారు. వేదిక మీద కూర్చున్న నేనూ చప్పట్లు కొట్టాను. ఆ కుర్రాడు నెల్లిమర్ల నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. చేతి తొడుగుల అరచేతి వైపు రబ్బరు అరిగిపోతే సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించుకున్నాడు. మర్నాడు తన రెండు జెర్సీలు ఉతికి, మడతపెట్టి తెచ్చి ఇస్తూ, “మాస్టారూ, నన్ను ఉండమని ఎవరైనా అడిగారేటండి?” అన్నాడు. ఆ రాత్రి ఖాతా తీసి చూస్తే, బస్సు ఛార్జీల గడిలో జూన్ తర్వాత ఏ కుర్రాడి పేరు మీదా ఒక్క రూపాయి పడలేదు. ఒప్పందం అంటారా, కాగితం ముక్క కూడా లేదు.

ఇలాంటప్పుడు వేదిక మీద మాటకు వేదిక మీదే జవాబు చెప్పవద్దు. అధ్యక్షుడి మాటను, తేదీని, దానికి ఎదురుగా చెల్లింపుల లెక్కను ఒకే పేజీలో రాసి, ఆయన తీరిగ్గా ఉన్న పూట ఇంటికి వెళ్లి, ఏమీ అనకుండా ఆ పేజీ ముందు పెట్టాలి. మా అధ్యక్షుడిగారు కళ్లజోడు తెప్పించుకుని రెండుసార్లు చదివారు. మిగిలిన కుర్రాళ్ల ఛార్జీలు ఆ నెలలోనే ఇచ్చేశారు. గోల్‌కీపర్‌వి ఇంకా ఇవ్వలేదు. ఆ నాలుగు నెలల అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంచాను.