కొత్త సంస్థలో పని సంస్కృతి – మూడో పాఠం: చెడు కబురు వినే నేర్పు

మొదటి పాఠంలో, సంస్థల సంస్కృతిని అధ్యయనం చేసిన ఎడ్గార్ షైన్ చెప్పిన మూడు పొరలను చూశాం. కంటికి కనిపించే అలవాట్లు పైపొర, మనం ప్రకటించుకునే విలువలు నడిమిపొర, ఎవరూ పైకి చెప్పకపోయినా అందరూ నమ్మి నడుచుకునేవి అడుగుపొర. తొలి ఉద్యోగులను ఎంచుకోవడం రెండో పాఠంలో చదివాం. అడుగుపొర ఎట్లా ఉందో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్షలలో అన్నింటికన్నా నమ్మదగినది ఒకటుంది. సంస్థలో ఒక తప్పు జరిగితే, ఆ సంగతి దాన్ని సరిదిద్దగల మనిషి దగ్గరికి ఎంతసేపట్లో చేరుతుందో చూడాలి. ఆ సమయాన్ని తగ్గించే నేర్పే ఈ పాఠంలోని విషయం. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి చోట్ల అయిదుగురితోనో ఇరవై మందితోనో సంస్థ నడుపుతున్నవారిని దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాను.

మన ప్రాంతంలో సంస్థ నడిపేవారు ముందుగా అర్థం చేసుకోవలసిన మాట “అయితది సార్”. ఈ మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. నిజంగానే పని పూర్తవుతుందనేది ఒకటి. పూర్తవుతుందో లేదో తెలియదు గాని మీ ముందు కాదనలేను అనేది రెండోది. ఇది కాదని నాకు తెలుసు, కాని మీరు తొందరలో ఉన్నారు కనుక తర్వాత చూద్దాం అనేది మూడోది. పలికే తీరు మూడింటికీ ఒక్కటే కావడం వల్ల, మొదటి అర్థాన్నే పట్టుకొని కూర్చున్న యజమానికి మిగిలిన రెండూ నష్టం జరిగాక గాని తెలియవు.

మా సంస్థలో ఇది ఎట్లా జరిగిందో వివరంగా చెబుతాను. మేము బియ్యం మిల్లులకు కాటా లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. ఒక యాసంగి సీజన్‌లో, పచ్చి వడ్లు నేరుగా కొనే ఒక మిల్లుకు కొత్త లెక్కను సోమవారం ఇస్తామని ఒప్పుకున్నాం. తేమను బట్టి తీసే తరుగును మొత్తం లోడు మీద లెక్కగట్టి చివర సవరించవలసి ఉండగా, మా ప్రోగ్రాం ప్రతి బస్తాకు విడివిడిగా పై అంకెకు సవరించింది. బస్తాకు 1.6 కిలోలు పోవలసిన చోట 2 కిలోలు పోయింది. 120 బస్తాల ట్రాక్టరుకు ఆ తేడా 48 కిలోలు, అంటే 40 కిలోల బస్తా ఒకటి పోయి ఇంకా 8 కిలోలు. మంగళవారం ఉదయం ఒక రైతు తూకం చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో తన లెక్క తాను వేసుకొని, గుమస్తా ముందు పెట్టి “ఇదేం తరుగు?” అని అడిగేదాకా మాకు తెలియలేదు. మిల్లు ఆ రెండు రోజుల చీటీలన్నీ మళ్లీ లెక్కించి రైతులకు తేడా చెల్లించింది, ఆ ఖర్చు మేము భరించాం.

కాని మాకు తెలియలేదన్న మాట నిజం కాదు. పరీక్షించే పని చూసే అమ్మాయి శనివారం మధ్యాహ్నమే ఆ తేడాను గమనించింది. ఆ సాయంత్రం నేను బల్ల దగ్గరికి వెళ్లి, నిలబడే “సోమవారం కల్లా అయితదా?” అని అడిగాను. “అయితది సార్” అంది. తర్వాత ఎందుకు చెప్పలేదని అడిగితే “మీరు తొందరల ఉన్నరు సార్, ఎట్ల చెప్పాలె?” అని నెమ్మదిగా అంది. తప్పు ఆమెది కాదు. అవుననో కాదనో తప్ప మరొక జవాబుకు చోటులేని ప్రశ్నను, కాదనడానికి వీల్లేని గొంతుతో అడిగినవాడిని నేను.

ఈ సంకోచానికి వేళ్లు మన నేలలో చాలా లోతుగా ఉన్నాయి. గడీ ముందు నిలబడి “నీ బాంచెన్, కాల్మొక్త” అనడం తప్ప మరో మాట పెగలని రోజులను మన తాతల తరం చూసింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్గొండ జిల్లా ముందు నిలిచి ఆ మాటను తిరస్కరించింది. అయినా పెద్దవాడి ముఖం చూసి మాట మింగే అలవాటు ఇళ్లలో, బడుల్లో, ఆఫీసుల్లో ఎంతో కొంత మిగిలే ఉంది. దాన్ని పిలుపు మార్చి పోగొట్టలేం. నన్ను “సార్” అనవద్దు, “అన్నా” అనండి అని ఒకసారి అందరికీ చెప్పాను. “అయితది అన్నా” అనడం మొదలుపెట్టారు.

ఈ విషయం మీద లోతుగా పనిచేసిన పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్. ఆసుపత్రి బృందాలలో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను ఆమె పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం, కలివిడితనం ఉన్న బృందాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. ఆ బృందాలవారు పొరపాట్లను దాచకుండా చెప్పుకోగలగడమే అందుకు కారణం కావచ్చని ఆమె భావించారు. ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద చేసిన అధ్యయనాన్ని 1999లో ప్రచురించి, భయం లేకుండా మాట్లాడగలిగే చోట బృందం ఎక్కువ నేర్చుకుంటుందని చూపారు. కనుక మీ ఆఫీసులో ఆరు నెలలుగా ఒక్క తప్పూ మీ చెవిన పడకపోతే సంతోషించకండి, వెతకండి.

ఇక నేర్పు విషయానికి వద్దాం. ముందుగా ప్రశ్న మారాలి. “అయితదా?” అనే ప్రశ్నను పూర్తిగా మానేయండి. దాని బదులు “ఇంకా ఏం మిగిలింది?”, “ఎక్కడ అనుమానంగా ఉంది?”, “సోమవారం ఇస్తే ముందుగా ఏది చెడిపోవచ్చు?” అని అడగండి. వీటికి “అయితది సార్” అన్నది జవాబు కాదు కనుక ఎదుటి మనిషి ఆలోచించి చెప్పవలసి వస్తుంది. నిలబడి అడగవద్దు, కుర్చీ లాక్కొని కూర్చోండి. అడిగాక వెంటనే మీరే మాట అందుకోకుండా ఆగండి. ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఓర్చుకోవాలి.

రెండోది, చెడు కబురు విన్న మొదటి నిమిషం. ఆఫీసంతా చూసేది ఆ నిమిషంలో మీ ముఖాన్నే. టయోటా కర్మాగారాలలో లోపం కనిపిస్తే లాగడానికి లైన్ వెంట ఒక తాడు ఉండే పద్ధతి ఉంది. కార్మికుడు ఆ తాడు లాగితే ముందుగా బృంద నాయకుడు అతని దగ్గరికి సాయానికి వస్తాడు, నిర్ణీత సమయంలో సమస్య తీరకపోతే లైన్ ఆగిపోతుంది. తాడు లాగినందుకు ఎవరూ చీవాట్లు పెట్టరు కనుకనే కార్మికులు దాన్ని లాగుతారు. మీరూ మొదట “చెప్పి మంచిపని చేశావు” అనండి, తర్వాత “ఇప్పుడు నష్టం ఎంతవరకు వచ్చింది?” అని అడగండి. ఎవరు చేశారన్న ప్రశ్నను ఆ రోజుకు పక్కన పెట్టండి. పోచంపల్లిలో చిటికి కట్టేవారికి, అంటే రంగు అంటకూడని చోట నూలుకు ముడులు వేసేవారికి, ఈ సంగతి బాగా తెలుసు. కట్టిన ముడి రంగు అద్దకముందే వదులైందని తెలిస్తే మళ్లీ బిగించవచ్చు, మగ్గం ఎక్కాక తెలిస్తే చీర మీద ఆ మరక అట్లాగే ఉండిపోతుంది.

మూడోది, పదిహేను రోజులకు ఒకసారి జరిపే తప్పుల సమావేశం. నలభై నిమిషాలకు మించకూడదు. మొదటి తప్పు సంస్థ పెట్టినవారిదే కావాలి, అదీ నిజంగా నష్టం తెచ్చినదై ఉండాలి. ఏం జరిగింది, ఎవరికైనా ముందే అనుమానం వచ్చిందా, వస్తే అది పైకి రాకుండా ఏది అడ్డుపడింది, ఏ ఏర్పాటు మారిస్తే ఇంకోసారి తొందరగా తెలుస్తుంది అనే నాలుగు ప్రశ్నలకు పుస్తకంలో జవాబు రాయండి, పేర్లు మాత్రం రాయవద్దు. తెలిసి దాచినవారిని, పదేపదే నిర్లక్ష్యం చేసినవారిని ఈ సమావేశంలో నిలదీయకూడదు, వారితో విడిగా మాట్లాడాలి.

ఈ సమావేశానికి ఎన్నడూ తేకూడని చెడు కబురు ఒకటుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదును 2013 చట్టం ప్రకారమే విచారించాలి. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి, సభ్యులలో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులొకరు తప్పనిసరి. పది మందికి తక్కువున్న సంస్థలో పనిచేసేవారు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదు గడువు సాధారణంగా మూడు నెలలు. “మనది చిన్న ఆఫీసు, అందరం ఒక కుటుంబం” అని ఈ కమిటీని వాయిదా వేసినవారిని చూశాను. కుటుంబమన్న మాటే అక్కడ ఫిర్యాదుకు అడ్డమైంది.

ఈ పక్షం అభ్యాసం. ఒక చిన్న పుస్తకంలో ప్రతిరోజూ మీరు విన్న “అయితది”లన్నీ రాసుకోండి, ఎవరన్నారో కాక ఏ పని గురించి అన్నారో మాత్రమే. పదిహేనో రోజున ఒక్కొక్కదాని పక్కన అది అయిందో లేదో గుర్తుపెట్టండి. కానివాటిని తీసుకొని, ఆ రోజు మీరు అడిగిన ప్రశ్న ఏమిటో గుర్తు తెచ్చుకొని దాని కిందే రాయండి. నాలుగో పాఠం జీతం తేదీ గురించి, ఆ పాఠానికి ఈ పుస్తకం మళ్లీ అవసరమవుతుంది, పారేయకండి.