కాటా చీటీలో ఒక్క మొత్తం: రెడ్యూస్ వాడే పద్ధతి

కోతలప్పుడు కళ్లంలో ధాన్యం తూస్తుంటే చీటీ రాసే మనిషిని గమనించండి. మొదటి బస్తా 76 కిలోలు. రెండోది 74, కలిపితే 150. మూడోది 75, మొత్తం 225. ఎప్పుడు చూసినా ఆయన పట్టించుకునేవి రెండే: ఇప్పటిదాకా తేలిన మొత్తం, ఇప్పుడు కాటా ఎక్కిన బస్తా. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక లిస్టుని ఒక్క జవాబుగా కుదించే రెడ్యూస్ (reduce) చేసే పని కూడా ఇదే. రెడ్యూస్‌కి మీరు రాసిచ్చే ఫంక్షన్‌లో ఆ రెంటికీ ‘మొత్తం’, ‘బస్తా’ అనే పేర్లే పెట్టండి.

పైథాన్ 3లో ఫంక్‌టూల్స్ (functools) అనే మాడ్యూల్ నుంచి రెడ్యూస్‌ని ఇంపోర్ట్ చేసుకుని ఫంక్షన్, లిస్టు, మొదటి విలువ (మొత్తం దేనితో మొదలవ్వాలో అది) ఈ వరుసలో ఇవ్వాలి. మొదటి విలువ ఇవ్వకపోయినా కోడ్ నడుస్తుంది. చిక్కంతా అక్కడే. వాన పడి కాటా వేయని రోజు లిస్టు ఖాళీగా వస్తుంది, టైప్ఎర్రర్‌తో ప్రోగ్రాం ఆగిపోతుంది. సున్నా ఇచ్చి ఉంటే సున్నాయే వచ్చేది.

దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది. లిస్టులో అంకెలు కాకుండా రైతు పేరు, ఊరు, బరువు ఉన్న రికార్డులున్నాయనుకోండి. మొదటి విలువ లేకపోతే మొదటి రికార్డే ‘మొత్తం’ స్థానంలో కూర్చుంటుంది. రెండు రికార్డులుంటే ఎర్రర్ వచ్చి బయటపడుతుంది. ఒక్కటే ఉంటే ఫంక్షన్‌ని అసలు పిలవదు, ఆ రికార్డునే చప్పుడు లేకుండా తిరిగిచ్చేస్తుంది. అందుకే మొదటి విలువ ఎప్పుడూ ఇవ్వండి. కూడికకు 0, గుణకారానికి 1, ఆకివీడు ఎన్ని కిలోలు, తణుకు ఎన్ని కిలోలు అని ఊళ్లవారీగా కావాలంటే ఖాళీ డిక్షనరీ (ఊరి పేరు పక్కన దాని కిలోలు దాచుకునే పట్టీ).

తేమ సగటు దగ్గర చాలామంది తప్పుతారు. మూడు శాంపిళ్లు 17, 15, 13 శాతం. రెండేసి చొప్పున సగటు తీస్తూ పోతే ముందు 16, తర్వాత 14.5 వస్తుంది. అసలు సగటు 15. చివర వచ్చిన శాంపిల్‌కి సగటులో సగం వాటా దక్కడమే కారణం. మొత్తం, శాంపిళ్ల సంఖ్య రెండూ జంటగా మోసుకెళ్లండి: (0, 0) నుంచి (17, 1), (32, 2), (45, 3). భాగహారం ఒక్కసారే, ఆఖర్న.

కూడికకు ఎటు నుంచి మొదలుపెట్టినా ఒకటే, తీసివేతకు కాదు. 100, 20, 5 ఎడమ నుంచి తీసేస్తే 75, కుడి నుంచి మొదలుపెడితే, అంటే 100 − (20 − 5), 85.

జవాబు తేడా వస్తే ఇటర్‌టూల్స్ (itertools) మాడ్యూల్‌లోని అక్యుమ్యులేట్ (accumulate)కి అదే లిస్టు ఇవ్వండి. ఇక్కడ లిస్టు ముందు, ఫంక్షన్ తర్వాత. 76, 150, 225 అంటూ ప్రతి మెట్టూ చూపిస్తుంది, ఏ బస్తా దగ్గర లెక్క తప్పిందో దొరుకుతుంది.