గిట్‌లో కోడ్ ఫార్మాటింగ్ – 4వ పాఠం: పాత కోడ్ సంగతేంటి?

కిందటి పాఠంలో పెట్టుకున్న ప్రీ-కమిట్ హుక్ (కమిట్‌కి ముందు దానంతటదే నడిచే తనిఖీ), కమిట్‌లోకి వెళ్తున్న ఫైళ్లనే చూస్తుంది. పాత ఫైల్లో ఒక్క లైను మార్చినా బ్లాక్ (పైథాన్ కోడ్ ఫార్మాటర్) ఆ ఫైలంతా సర్దేస్తుంది. రివ్యూ చేసేవాళ్లు ఆ గందరగోళంలో అసలు మార్పుని వెతుక్కోవాలి. అందుకే పాత కోడ్ పని విడిగా, ఒకేసారి కానిచ్చేయాలి.

ముందు బ్లాక్ సెట్టింగుల ఫైళ్లు మాత్రమే ఒక కమిట్. దీన్ని ‘క’ అందాం. తర్వాత ‘ప్రీ-కమిట్ రన్ --ఆల్-ఫైల్స్’ నడపండి. మొదటిసారి ‘ఫెయిల్డ్’ అంటుంది. కంగారొద్దు, ఫైళ్లు మారాయని చెప్పడమే అది. రెండోసారి ‘పాస్డ్’ రావాలి. రాలేదంటే రెండు హుక్‌లు ఒకదాని పని ఒకటి చెడగొడుతున్నట్టు. ఎక్కువగా ఐసార్ట్ (ఇంపోర్ట్ లైన్లని వరసలో పెట్టే టూల్), బ్లాక్‌ల మధ్యే ఈ పేచీ. ఐసార్ట్‌లో ప్రొఫైల్‌ని ‘బ్లాక్’ అని పెడితే తీరుతుంది. టెస్టులు నడిపి, చేత్తో చేసిన మార్పు ఒక్కటీ కలపకుండా కమిట్ చేయండి. ఇది ‘ఖ’.

ఇప్పుడు గిట్ బ్లేమ్ (ఏ లైను చివరగా ఎవరు మార్చారో చూపే కమాండ్) తీస్తే, మారిన ప్రతి లైను పక్కనా మీ పేరే! గిట్ 2.23 (2019) నుంచి దీనికి మందుంది. రిపో మొదటి ఫోల్డర్‌లో ‘.గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్’ ఫైలు పెట్టి, అందులో ‘ఖ’ హాష్‌ని (కమిట్ గుర్తింపు కోడ్) 40 అక్షరాలూ పూర్తిగా రాయండి. ఇందులో ఉన్న కమిట్‌లని బ్లేమ్ పట్టించుకోదు. గిట్‌హబ్ ఈ ఫైలుని తనంతట తానే చదువుకుంటుంది. మీ మెషీన్‌లో మాత్రం ‘బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్’ సెట్టింగుకి ఈ ఫైలు పేరివ్వాలి. ‘--గ్లోబల్’ (అన్ని రిపోలకీ వర్తించేలా) వాడకండి, ఈ ఫైలు లేని రిపోల్లో బ్లేమ్ ఎర్రరిచ్చి ఆగిపోతుంది. ఇంకో చిక్కు: స్క్వాష్ చేసినా (కమిట్‌లని ఒకటిగా కలిపినా), రీబేస్ చేసినా (కమిట్‌లని వేరే కమిట్ మీదకి మార్చినా) హాష్ మారిపోతుంది. కాబట్టి ‘ఖ’ మెయిన్‌లో చేరాకే హాష్ తీసి, ఇంకో కమిట్‌గా రాయండి.

తెరిచి ఉన్న బ్రాంచ్‌ల్లో ‘ఖ’ని నేరుగా మెర్జ్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్‌లు తప్పవు. బ్రాంచ్‌లోకి ముందు ‘క’ని మెర్జ్ చేయండి. అక్కడే ఫార్మాటర్ నడిపి కమిట్ చేయండి. ఆపైన ‘ఖ’ని ‘గిట్ మెర్జ్ -ఎస్ అవర్స్’తో కలపండి. ఈ ‘అవర్స్’ ‘ఖ’లోని మార్పులన్నిటినీ వదిలేస్తుంది. అందులో ఉన్నది ఫార్మాటింగే, అది మీ బ్రాంచ్‌లో అప్పటికే అయిపోయింది కాబట్టి నష్టం లేదు. సెట్టింగుల్ని ‘క’గా విడదీసింది ఇందుకే. అవి కూడా ‘ఖ’లోనే ఉంటే ఇక్కడ ఎగిరిపోయేవి.

వచ్చే పాఠం: ‘--నో-వెరిఫై’తో హుక్‌ని దాటేసేవాళ్లని సర్వర్‌లో ఆపడం.